మంచు మీదకి తెప్ప

పెదజాలరిపేటలో, పడవలకి ఫైబరు అతికే రేకుల షెడ్డులో
మూడు స్నోబోర్డులు నిలబెట్టాను, వలల గుట్టకి ఆనించి.
జూన్. రెసిన్ వాసన. మెడ మీద ఉప్పు.
తెడ్డు పరదేశి బీడీ ఆర్పి చూశాడు.
"ఏటివి? ఇస్త్రీ బల్లలేటి?"

మంచు మీద జారేవి, బాబాయ్.

మంచంటే ఆయనకి ఐసు ఫ్యాక్టరీ దిమ్మ.
హార్బర్లో తెల్లారి నాలుగింటికి
గొడ్డలి దెబ్బకి పగిలి, వంజరాల మీద పడి,
ఎండెక్కేసరికి నీచునీళ్లై పోయేది.
దాని మీద మనిషి నిలబడటం ఎందుకో
అడగలేదు. సంద్రం మీద ఎందుకు నిలబడతావని
ఆయన్నీ ఎవరూ అడిగి ఉండరు.

ఎంచుకోవడం రాక కాదు నేను వచ్చింది.
ఏడు శీతాకాలాలు గుల్‌మార్గ్ వెళ్లొచ్చాను,
పోర్టులో క్రేను నడిపి దాచిన సెలవులన్నీ అక్కడే కరిగించాను.
మార్చిలో పాతది రాయికి తగిలి విరిగింది.
అప్పట్నించీ కాగితం నిండా కొలతలు:
పొడవు నూట యాభై రెండు, నడుము ఇరవై నాలుగున్నర,
గట్టిదనం పదికి ఎనిమిదా, ఆరా,
రాత్రి షిఫ్టులో కంటైనర్లు దించుతూ కూడా
ఎనిమిదా, ఆరా.

మొదటిది, బదిలీ మీద వెళ్లిపోతున్న నేవీ ఆఫీసరుది.
నడుం దగ్గర విల్లులా లేచింది, వంచితే ఎదురు తిరుగుతుంది.
ధర చెప్పినప్పుడు ఆయనా అంతే.
రెండోది వెడల్పు ముక్కు, చీలిన తోక,
మోకాలి లోతు మెత్తటి మంచులో తేలేందుకు పుట్టింది.
మూడోది మనాలి నించి రైలు పార్సిల్లో వచ్చింది.
కాళ్ల కింద విల్లు, ముక్కు కొంచెం పైకి,
అడుగున ఎవరో నల్ల ప్లాస్టిక్ కరిగించి పూడ్చిన గాటు.

ఒక్కోదాన్నీ తిరగేశాడు. ఒక కన్ను మూసి
పొడవునా చూశాడు. వేలి కణుపుతో కొట్టి విన్నాడు.
ఉక్కు అంచు మీద బొటనవేలు నడిపి
"ఏ సంద్రానికి?" అన్నాడు.

అన్నిటికీ. అద్దంలా గట్టిపడిన పొద్దుటి వాలుకి,
దేవదారుల సందులకి, మధ్యాహ్నానికి గుట్టలు గుట్టలై నలిగిన దారికి,
రాత్రి కురిసిన పొడికి.

"అన్ని సంద్రాలకీ ఒక తెప్ప నేదమ్మా.
నీకు బయమేసేది ఏ కాడో సెప్పు. దానికి సూద్దాం.
మిగతా కాడ నువ్వే సర్దుకుంటావు."

నోరు పెగలడానికి కాస్త పట్టింది.
గట్టి వాలు, అన్నాను. మలుపులో.

గచ్చు మీద ఇసక ఊడ్చి బోర్డులు పరిచాడు.
ఒక్కోదాని నడుం కింద పాత పేపరు ముక్క దూర్చాడు.
"ఎక్కు."

మొదటిదాని మీద ఎంత ఒంగినా
కాగితం జర్రున ఆయన చేతిలోకి వచ్చేసింది.
"ఇది నిన్నింకా లెక్కలో ఎట్టనేదు."
రెండోదాని కింద, నేనెక్కకముందే నలిగిపోయి ఉంది.
"ఇది ఎవరెక్కినా ఊఁ అంటాది."
మూడోదాని మీద నిలబడ్డాను. లాగాడు. వచ్చేసింది.
"ఎనక్కి వాలిపోతన్నావు."
లేదు, అన్నాను.
"నాకు కాదు. కాగితానికి సెప్పు."

పదహారేళ్లప్పుడు రుషికొండ అల మీద
నిలబడటం నేర్చిన ఒళ్లు ఇది.
అల మీద వెనక కాలే చుక్కాని.
మార్చిలో, ఆ నీలం గడ్డ మీద, మలుపింకా మొదలవకముందే
బరువంతా వెనక కాలికి అప్పజెప్పి నేను తప్పుకున్నాను.
రాయి ఎప్పట్లాగే అక్కడే ఉంది.
మూడు నెలలుగా గట్టిదనం గురించి చదువుతున్నాను.

ముందు మోకాలు వంచాను. కింద విల్లు
నెమ్మదిగా, నా బరువుని కూడబలుక్కుంటున్నట్టు, గచ్చుకి ఆనింది.
పరదేశి లాగాడు.
చిరిగి, సగం ఆయన వేళ్లలో మిగిలింది,
రొయ్యల ధరలున్న సగం.

దాన్ని వెలుతురుకి పట్టి చదువుకుంటూ
"ఆ గాటు నాకొగ్గెయ్," అన్నాడు.
"మంగళారం రా."