తడి లెక్క

ఏటుకూరు రోడ్డు మీద ఎండ ఇంకా ముదరలేదు,
యార్డులో అప్పటికే సగం గుంటూరు తుమ్ముతోంది.
హమాలీ మేస్త్రీ ఇన్నయ్య
కొక్కెం భుజానికి తగిలించుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు.
"అమ్మా, నల్లసముద్రం పెట్రోలియం అంట,
షేరు ఆరొందల పన్నెండు. ఎక్కువా, తక్కువా?"

ధరెంత అంటే చెప్పొచ్చు.
ఎక్కువా అంటే
దేనికంటే అని నేనే తిరిగి అడగాలి.

పోలిశెట్టి వారి కొట్లో ముప్పై ఒక్కేళ్ళుగా పద్దులు రాస్తున్నాను.
టిక్కీలోకి మోచేతి దాకా చెయ్యి దించి
అడుగు కాయ తీసి చూడాలని
నాకెవరూ నేర్పలేదు, ఒకసారి మోసపోయానంతే.
పైన తేజ, ఎర్రగా, గలగలమంటూ.
అడుగున తాలు.
నడుమ రాత్రిపూట చిలకరించిన నీళ్ళు.
కాటా ఎక్కాక ఆ నీళ్ళకీ మిరప రేటే.

అందుకని కంపెనీ వార్షిక నివేదికలో చెయ్యి పెట్టాను.
మొదటి పేజీల నిండా సముద్రం, సూర్యోదయం,
పసుప్పచ్చ టోపీల్లో నవ్వే ఇంజనీర్లు.
నూట నలభయ్యో పేజీకి దిగితే గాని
కాయ చేతికి తగల్లేదు.

షేరుకి లాభం పదిహేడు రూపాయలు.
అందులో ఐదు, కాకినాడలో ఆఫీసు స్థలం అమ్మిన సొమ్ము.
అమ్మిన స్థలాన్ని వచ్చే ఏడు మళ్ళీ అమ్మలేరు కదా!
మిగిలింది పన్నెండు.
కాటా చీటీ వెనక భాగహారం చేశాను. యాభై ఒకటి.
అంటే ఇన్నయ్యా, ఏటా ఇంతే లాభమొస్తే
నీ డబ్బు నీకు తిరిగి రావడానికి యాభై ఒక్కేళ్ళు.
బావుల్లో గ్యాసు తొమ్మిదేళ్ళకేనని వాళ్ళే రాశారు,
చిన్న అక్షరాల్లో.
పన్నెండు తొమ్ముల నూటెనిమిది.
అష్టోత్తరం చదివినట్టు పైకే చదివాను.

"మిగతా ఐదొందలు దేనికమ్మా?"

ఉండు, ఇంకో పక్క కూడా చూడాలి.
తూర్పున కొత్త బ్లాకు తవ్వుతున్నారు.
తగిలిందా, ఈ ధర కారుచౌక.
తగల్లేదా, తవ్విన ఖర్చూ మన నెత్తినే.
భూమి కింద ఉన్నది ఏసీలో పెట్టిన సరుకు కాదు,
తలుపు తీసి, టార్చి వేసి, బస్తాలు లెక్కపెట్టుకోవడానికి.
ఎవరో పైనుంచి ఒక చప్పుడు పంపి
తిరిగొచ్చిన దాన్ని విని
ఇంత ఉండొచ్చు అన్నారు.
ఆ ఐదొందలూ ఈ "ఉండొచ్చు"కి.

ఇంత చెబుతున్న నేనేమైనా తక్కువ తిన్నానా?
అటు ఏడు క్వింటాలు ఇరవై ఒక్క వెయ్యి పలికితే
ఇంకా పెరుగుతుందని
మా వాటాకొచ్చిన నలభై టిక్కీలూ
నల్లపాడు ఏసీలో పడుకోబెట్టిన మనిషిని.
అద్దె కట్టీ కట్టీ, కాయ రంగు దిగీ దిగీ
పదకొండున్నరకి తోసేశాను.
అప్పుడూ లెక్క నాకొచ్చు.
చెవులు మాత్రం వేలంపాట దగ్గర వదిలేసి వచ్చాను.

"ఒక్క మాటలో చెప్పమ్మా.
చీటీ పాడుకున్నాను, నలభై వేలు."

ఎక్కువే, అన్నాను. దిగాక మళ్ళీ అడుగు.

సోమవారం ఆరొందల నలభై.
గురువారానికి ఆరొందల డెబ్బై.
ఇన్నయ్య ఏమీ అనలేదు.
కొక్కెం గుచ్చి బస్తా ఎత్తే ముందు
ఒకసారి నా వైపు చూశాడు, అంతే.

తడి కాయ కూడా పొద్దున కాటా మీద బాగానే తూగుతుంది.
ఎన్నాళ్ళకి ఆరుతుందో, అసలు ఆరుతుందో లేదో,
ఈలోగా తూర్పున ఏం తగులుతుందో.

చీటీ మీద తారీఖు వేసి సొరుగులో పెట్టాను.
తప్పయితే నా తప్పు నాకు కనబడాలి.
తర్వాతి లాటు వచ్చింది.
ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని
చెయ్యి లోపలికి దించాను.