పెదవి ఆనే చోటు

మూడో సీలు కూడా కారింది.

మాలకొండయ్య ఒక్క మాటనలేదు.
ఎజ్డీకి స్టాండేసి
కింద అట్టముక్క పరిచి పోయాడు.
తెల్లారి షట్టరెత్తితే
అట్ట మీద రూపాయి బిళ్ళంత నల్ల మరక,
మా షాపు పనితనానికి
ఎవరో వేసిన ముద్రలాగా.

మొదటి సీలు నాసిరకం సరుకన్నాను.
రెండోది నేనే వంకరగా కొట్టానని ఒప్పుకున్నాను.
మూడోదానికొచ్చేసరికి
చెప్పడానికి అబద్ధం కూడా మిగల్లేదు.

కావలి ట్రంకు రోడ్డు పక్కన
రేకుల కప్పు, మూడే గోడల షాపు మాది.
తూర్పుగాలి తిరిగిన పూట
పానాలు కూడా ఉప్పగా చెమరుస్తాయి.
ఈ బండి ఆ ఉప్పును మోసిందే.
ఇసకపల్లి మళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళు
వెనక రెండు బస్తాలు, ట్యాంకు మీద ఒకటి.
తడి బస్తా కారిన నీళ్ళు
గొలుసు మీదికి,
గొలుసు నుంచి స్ప్రాకెట్ మెడ మీదికి,
సీలు పెదవి ఎక్కడ ఆనాలో
సరిగ్గా అక్కడికి.

కాలేషా తాత లేతు మానేసి నాలుగేళ్ళు.
రెండు కళ్ళలోనూ పొర.
స్ప్రాకెట్ చేతిలో పెడితే
వెలుతురుకేసి తిప్పలేదు.
బొటనవేలి గోరు ఆనించి
మెడ చుట్టూ నడిపాడు.
ఒకచోట గోరు ఆగింది.
మళ్ళీ ఆగింది.
మళ్ళీ.
"ఏందిరా ఇది, అమ్మవారు పోసిన మొహంలా ఉండాది!
ఇన్నాళ్ళూ సీలును తిట్టినావా?
అది మెత్తంది.
ఆనుకునేదానికి చోటిస్తే
ఎందుకు కారుద్ది?"

కొత్త స్ప్రాకెట్ నెల్లూరులో లేదు.
ఒంగోల్లో బండి పేరు చెప్తే నవ్వారు.

బండి డబ్బాలో ఒక దబ్బనం దొరికింది,
బస్తాల మూతి కుట్టేది.
దాని మొనతో ఒక్కో గుంటలో తుప్పు తవ్వాను,
పిప్పి పన్నులో నల్లదనం తీసినట్టు.
పెట్రోలుతో రెండుసార్లు కడిగి
రెండు ట్యూబుల ఇనుపముద్ద కలిపి
అగ్గిపుల్లతో కూరి
రాత్రంతా వదిలేశాను.
పొద్దున గోరు గుచ్చితే దిగలేదు.

తర్వాత ఎమిరీ కాగితం, నీళ్ళలో ముంచి.
తాత స్టూలు మీద కూర్చుని
చప్పుడు వింటున్నాడు.
"అడ్డంగా రుద్దబాక. చుట్టూరానే పో.
ఏటవాలు గీత ఒక్కటున్నా చాలు,
చెయ్యి పట్టుకుని చమురును బయటికి తీసుకుపోద్ది."
రుద్దాను.
పక్కన హోటల్లో ఇడ్లీలు అయిపోయి
భోజనాలు మొదలయ్యేదాకా రుద్దాను.
మెడ మెరిసింది.
అద్దంలా చేద్దామని
ఇంకా సన్నకాగితం తీస్తే
చేతి మీద చిన్న దెబ్బ పడింది.
"చాలు.
మరీ నున్నగుంటే చమురు నిలవదు,
పెదవి ఎండి కాలిపోద్ది.
కంటికి కనపడనంత గరుకుండాల."
కళ్ళు కనపడని మనిషి చెప్పాడా మాట.
తను ఏమన్నాడో తనకే తట్టి
ఒక్కడే చాలాసేపు నవ్వాడు.

నాలుగో సీలు అడుగుదాకా కొట్టనివ్వలేదు.
అర గోరంత ఇవతలే ఆపించాడు,
పాత గాడిలో కాకుండా
పక్కన కొత్త దోవలో నడవనీ అని.

మాలకొండయ్య మళ్ళీ అట్ట పరిచాడు.
తెల్లారి వచ్చి దాన్ని తీసి చూశాడు,
తిరగేసి రెండో వైపూ చూశాడు.
మా వీధి పిల్లి కాలిముద్ర తప్ప ఏమీ లేదు.
మడిచి సీటు కింద దోపుకున్నాడు.
"ఇంకెందుకునా అది?"
"ఉండనీలే."

ఇప్పుడు అతను మోసేది ఉప్పు కాదు.
మళ్ళు తవ్వి చెరువులు చేశారు,
రొయ్యల మేత మోస్తున్నాడు.
అదీ తడే, ఆ నీళ్ళూ ఉప్పువే.
ఎన్నాళ్ళు నిలుస్తుందని అడిగాడు.
తాత వైపు చూశాను.
తాత వినపడనట్టు బీడీ వెతుక్కుంటున్నాడు.

సీళ్ళ డబ్బులు మూడింటివి లెక్కలో రాయలేదు.
బండి మలుపు తిరిగాక చూసుకుంటే
దబ్బనం ఇంకా
నా చొక్కా జేబుకే గుచ్చి ఉంది.