కన్ను మూయని వల

సోనాపూర్ జెట్టీలో నన్ను కళాసీ అంటారు.
బోటెక్కాక నా పేరు పార.

సంచి ముడి లాగితే
సముద్రం డెక్కు మీద వాంతి చేసుకుంటుంది.
రొయ్య ఇటు. చందువా ఇటు.
వంజరం పడితే ఐసులోకి, ఆ తర్వాత సరంగు నవ్వులోకి.
మిగిలిందంతా నాది:
బొటనవేలంత గొరకలు,
పొట్టకింద గుడ్ల మూట వదలని పీత,
ఒకే పక్క రెండు కళ్ళతో
నన్నే చూసే నాలుక చేప,
ఒకసారి
నా చిటికెన వేలికి తోక చుట్టి
విప్పకుండానే చచ్చిపోయిన గుర్రపు చేప.

పార నిండా తీసి, పక్క సందులోంచి నీళ్ళలోకి.
తెల్లని పొట్టలు పైకి తేలి
బోటు వెనకాల దారి పరిచేవి.
సముద్రపు కాకులకి మా బోటు నంబరు నోటికొచ్చు.

గమేళా రొయ్యకి ఎన్ని గమేళాలు తోశానో
ఒక్క రాత్రి లెక్కపెట్టాను.
ఏడు.
మర్నాటి నుంచి లెక్కపెట్టలేదు.

వేట మూసిన ఎండాకాలం
రేకుల షెడ్డులో బైరాగి మామ వల కుడుతున్నాడు.
బరంపురం నుంచి మత్స్యశాఖ కుర్రాడొచ్చి
ఒరియా కాగితం చేతికిచ్చాడు.
మామకి అక్షరం రాదు.
బొమ్మ చూసి, తిప్పి చూసి,
"ముడి తప్పు గీసినారు" అని
బొగ్గుతో దిద్ది వెనక్కిచ్చాడు.
తర్వాత నాతో:
"వలకీ కన్నుంటాదిరా.
మూలగా కడితే, లాగినప్పుడల్లా మూసీసుకుంటాది.
సదరంగా కట్టు,
ఎంత లాగినా తెరిసే ఉంటాది."

సంచి పైభాగాన మూరెడు కిటికీ కుట్టాడు.
చిన్నది దూరిపోవడానికి.

సరంగు దండాసి ఉమ్మేశాడు:
"సగం ఏట అవతలకి పోద్ది."
బోటు యజమాని సాహు ఒరియాలో ఏదో అడిగాడు,
డీజిలు అన్న మాట ఒక్కటే
ఏ భాషలోనైనా ఒకటే.
ఒక్క వేట చూద్దాం అన్నారు చివరికి,
నష్టం వస్తే కళాసీల వాటాలోంచి.

బాహుదా మొగ దాటాం.
ఎడమ చేతి వైపు ఒరియా, కుడి వైపు తెలుగు,
మధ్య నీళ్ళకి రెండూ రావు.
నాలుగు గంటలు లాగే వలని రెండు గంటలకే ఎత్తాం.
సంచి తేలిక.
సరంగు నా వైపు చూడలేదు, నేను సరంగు వైపు చూడలేదు.
ముడి విప్పాం.

రొయ్య ఉంది. కొంచెం తక్కువ,
కానీ నలగని రొయ్య, మీసాలతో సహా.
తప్పించుకున్నవి ఎన్నో ఎవరికి తెలుసు?
వెళ్ళిపోయినవాటికి తూకం లేదు.
సముద్రం ఎప్పుడూ రసీదు ఇవ్వదు.

జెట్టీలో కొర్లమ్మ
మూడు ఖాళీ బుట్టలతో నిలబడి ఉంది.
వేట చివరి రెండు రోజుల చెత్త చేప
మేం పారెయ్యం, ఆమెకి అమ్ముతాం.
ఇసక మీద ఎండబెట్టి
కొండ వైపు సంతలకి మోసుకుపోతుంది.

"సెత్త ఏదిరా?"

ఒక బుట్టకి సరిపోయేదే ఉంది.
కిటికీ సంగతి చెప్పాను. గొరక పిల్ల గురించి,
అది ఏడాది ఆగితే ఎంతవుతుందో చేత్తో చూపించాను.
నా చెయ్యి వంకే చూసింది.

"అంత పెద్దదైనాక
నాను కొనగలిగే రేటుకి ఇస్తావేటి?"

మామ వలలో ఆ ప్రశ్నకి కన్ను లేదు.
బుట్ట ఎత్తి ఆమె తల మీద పెట్టాను.
డబ్బులు తర్వాత ఇమ్మన్నాను.
నా వాటాలోంచి పోయింది, పోనీ, అది లెక్క కాదు.

ఆ రాత్రి మళ్ళీ వేటకి.
రెండో గంటకి వల ఎత్తి, ఏరి, ఐసు కొట్టి,
అలవాటు చొప్పున పార తీశాను.
ఒక్క తోపుకే అయిపోయింది.
రెండో తోపుకి
ఇనుము చెక్కని గీరిన చప్పుడు.
పదకొండేళ్ళలో
ఆ చెక్క రంగు
నేను చూడడం అదే మొదటిసారి.