పెన్సిలు మాట

రోజూ బస్సు కానుగు చెట్టు కింద ఆపి
పిలగాండ్లు దిగినంక స్టీరింగ్ మీద తలవెట్టి పంటుంటి.
ఇయ్యాల వాన.
వాచ్‌మన్ సాయిలు పిలిచిండు:
"లోపలికి రా బాలస్వామన్నా, చెప్పులు ఈడ ఇడువు,
హాలు నీకు గుడక తెరిచే ఉన్నది."

ఏడేండ్ల సంది ఈ యూనివర్సిటీ గేటుకాడ బండి తిప్పుతున్న,
లోపల ఇంత ఎత్తుంటదని తెల్వదు.
టేకు దూలాలు, దూలాల నడుమ పావురాల పంచాతి,
గోడకు నిజాం నాటి కచేరీ గడియారం
పదింబావుకు ఆగి, ఇగ ఎవ్వలకూ జవాబు జెప్పనన్నట్టు.
కింద షాబాదు బండలు,
నడుమల గుంతలు వడ్డయి.
దరఖాస్తు చేతవట్టుకొని
పొద్దుగూకేదాక నిలవడ్డోళ్ల పాదాలే అయ్యుంటయి.
కుర్సీల కూసున్నోళ్లు బండను అరగదీయరు గదా.

పిలగాండ్లు ఫోటోలు దిగుతున్నరు.
నేను వాసన వెంట బోయిన:
కలరా ఉండలు, పాత బట్ట, తడిసిన సున్నం.
అర్ర నిండ ఎర్రగుడ్డ మూటలు,
ఉర్దూ చీటీలు తోకల లెక్క ఏలాడుతున్నయి.
నుస్రత్ మేడం కళ్లద్దాలు నొసటికెక్కించి
"మీదే ఊరు?" అన్నది.

ఎవరడిగినా కొల్లాపూర్ అనే జెప్త.
అబద్ధం కాదు, నిజం గుడక కాదు.
ఈ అర్రల నోరెందుకో దారి తప్పింది:
"గుండ్లవాకిలి మేడం. నీళ్లల్ల ఉన్నది."

అయ్యో అనలే ఆమె.
అందరూ అంటరు గదా, అనలే.
నిచ్చెనెక్కి, బట్టకు అతికించిన ఓ నక్ష దించి
బల్ల మీద పరిచి
నాలుగు మూలలకు నాలుగు సీసపు గుండ్లు వెట్టింది,
మళ్ల యాడ తేలిపోతదో అన్నట్టు.

ఊరు.
అరచెయ్యంత ఊరు.
పొడిగ ఉన్నది.

చేండ్లకు నంబర్లు, బావులకు సున్నలు.
ఇది పుల్లయ్య మోటబాయి, ఇది రేగడి,
ఇది మా నాయిన కౌలుకు జేసిన మూడెకరాలు,
పేరు మాత్రం ఇంకెవల్దో.
ముట్టొద్దన్నది. ఏలు గాలిలనే నడిచింది,
బడి దాటి, కమ్మరి కొలిమి దాటి,
వాగుకాడ ఆగింది.

"తప్పు రాసిండ్రు మేడం."
"ఏంది?"
"వాగు ఈ దిక్కు కాదు, తూర్పున.
పొద్దుగాల్ల మా అవ్వ బట్టలు పిండుతుంటె
ఎండ కండ్లల్ల వడుతదని కొంగు ముంగటికి గుంజుకునేది.
ఇగ ఇది చూడుండ్రి, ఖాళీ జాగ అని రాసిండ్రు.
ఖాళీ ఏంది? మా వాడ అది.
ముప్పై రెండు కొంపలు."

గొంతు పెద్దగైనట్టున్నది.
పక్కర్రల ఫ్యాను సప్పుడు ఇనవడ్డది.

"నక్ష మీద గీత వెట్టరాదు, రూలు" అన్నది మేడం.
అని, సొరుగులకెల్లి ఓ తెల్ల చీటి తీసింది.
ఈడ ఇంకు బందంట, పెన్సిలే.
నా పేరు, వయసు, ఏం పని జేస్తనో అడిగి
పటేలు వాంగ్మూలం రాసినంత నిదానంగ రాసింది:
"చూసిన మనిషి మాట.
వాగు తూర్పున. ఖాళీ జాగ కాదు, ముప్పై రెండు ఇండ్లు.
చెప్పింది కుర్మయ్య కొడుకు బాలస్వామి,
యాభై నాలుగేండ్లు, బస్సు డ్రైవరు."
చదివి ఇనిపించి, సరేనా అన్నది.

"ముప్పై మూడు" అన్న.
"ఎంకవ్వ గుడిసె మర్శిన."

రబ్బరుతోని రెండు చెరిపి మూడు వెట్టింది.
పొట్టు ఊదేసి, చీటిని నక్షతోనే మడిచింది.

బయట వాన ఎప్పుడు ఆగిందో.
పిలగాండ్లందరు బస్సుల కూసోని
నాకోసం హారను కొడుతున్నరు.