పదింట రెండు

అరువు తెచ్చిన పెద్ద మిషన్ మీట నొక్కగానే
ఇల్లంతా చీకటి.
కింది వాటాలోంచి రెయ్యో కేక:
"నా మూస్ మాంసం కరిగిందో, నువ్వే తినాలి, సిర్కా!"
అప్పుడు తెలిసింది
నా గ్యారేజీకీ అతని ఫ్రీజర్‌కీ ఒకటే బ్రేకరని,
పదిహేను ఆంపియర్లు దాటితే
అది కొత్తకోడల్లా అలుగుతుందని.

నాకున్నది పెద్ద పనేం కాదు.
గడ్డకట్టిన సరస్సు మీదికి
చేపలగుడిసెను లాక్కెళ్ళే స్లెడ్జికి
ఎడమ కాలు విరిగింది.
అది అయ్యాక ఎదురింటి పిల్ల సైకిల్ స్టాండు.
అదీ అయ్యాక, ఏమో.
థండర్ బే వీధుల్లో ముప్పై ఏళ్ళు
స్కూలు బస్సు నడిపిన చేతులివి.
స్టీరింగు లేక
నిద్రలో కూడా మలుపులు తిప్పుతున్నాయి.

జేబులో మూడువందల డాలర్లు.
ఎనభై ముసుగుకని
ముందే విడిగా మడిచిపెట్టాను.
మిషన్ చవకదైతే సర్దుకుంటాను,
కళ్ళు ఏ కొట్లోనూ లేవు.

డార్లీన్ మూడు చూపించింది.

ఎర్రది గ్యాసుతో నడిచేది.
దాని కుట్టు పూసలు గుచ్చినట్టుంటుంది.
సిలిండరు అద్దె మాత్రం ఏటేటా కట్టాలి,
వాడినా, వాడకపోయినా.
గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు.

పచ్చది అన్నిటికన్నా చవక.
గ్యాసక్కర్లేదు, తీగలోనే మందు.
చెయ్యి చాపబోయాను.
డార్లీన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది:
"ఇది ఏసీ ఇస్తుంది, ఆ తీగ డీసీ అడుగుతుంది.
ఇనుముకన్నా నీ బూట్లకే
ఎక్కువ అతుక్కుంటుంది."

మూడోది బూడిదరంగు, రొట్టెలపెట్టంత.
సన్న కడ్డీతో పని.
తుప్పును ఓర్చుకుంటుంది, గాలిని ఓర్చుకుంటుంది.
పల్చటి రేకు కనిపిస్తే మాత్రం
తూట్లు పొడిచి వదిలేస్తుంది.
నా స్లెడ్జి దళసరిది,
తుప్పంటారా, దానికి కొదవ లేదు.

వెనక్కి తిప్పితే మూలన చిన్న అంకె:
ఇరవై శాతం.
పది నిమిషాల్లో రెండు కాలుస్తుంది,
ఎనిమిది చల్లారుతుంది.
"లోపమా?" అన్నాను.
"ధర," అంది డార్లీన్.

శనివారం, సున్నాకి ఇరవైరెండు కింద.
ఫ్రీజర్ ప్లగ్గు పీకి, గడియారం పట్టుకుని
రెయ్యో పైకొచ్చాడు,
మాంసానికి కాపలాగా.
మొదటి రెండు నిమిషాలు
ఇనుము మీద పిట్టరెట్టలు.
కడ్డీ అంటుకుపోయింది, లాగాను, మళ్ళీ అంటుకుంది.
రెయ్యో ఏమీ అనలేదు.
పదకొండేళ్ళ ఇరుగుపొరుగులో
మంచు గురించి తప్ప
ఎప్పుడేమన్నాడు గనక.

ఎనిమిది నిమిషాలు.
ఫ్లాస్కులో కాఫీ.
మిషన్ లోపల ఫ్యాను
ముసలిపిల్లిలా గురగుర.

"దూరం ఎక్కువ," అన్నాడు, కప్పుతో మాట్లాడుతున్నట్టు.
"కడ్డీ మందమెంతో అంతే ఉంచు.
వెలుగును చూడకు, దాని వెనక గుంటను చూడు."
నేను ముసుగెత్తి చూశాను.
"ఓడల యార్డులో ఇరవైనాలుగేళ్ళు," అన్నాడు,
చేతులు చంకల్లో దాచుకుంటూ.
అవి వణుకుతాయని నాకు తెలుసు.
చలికనుకునేదాన్ని.

మళ్ళీ రెండు. మళ్ళీ ఎనిమిది.
ఒక ఎనిమిదిలో, ఓడ పొట్టలో పడుకుని
తలపైకి కుట్టు వెయ్యడం ఎలాగో చెప్పాడు.
ఇంకో ఎనిమిదిలో, చొక్కా కాలర్లోకి జారిన నిప్పురవ్వ,
దాని మచ్చ.
మరో ఎనిమిదిలో ఏమీ చెప్పలేదు,
నా మణికట్టు కింద
ఒక చెక్కముక్క పెట్టి వెళ్ళి కూర్చున్నాడు.
ఆ మధ్యాహ్నం నేను కాల్చింది
పట్టుమని పద్దెనిమిది నిమిషాలు.

వారం తిరక్కముందే సరస్సు మీద
ఎడమ కాలు మళ్ళీ విరిగింది.
ఫోను చేస్తే
రెయ్యో అడిగిందొకటే:
"అతుకు దగ్గరా, పక్కనా?"

మోకాళ్ళ మీద కూర్చుని
మంచు తుడిచి చూశాను.
"పక్కన. వేలెడు దూరంలో."

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు.
తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు,
ఆ తర్వాత
ఫ్రీజర్ ప్లగ్గు పీకిన చప్పుడు.