ఉల్లిపాయలు కోసిన ఆదివారం

హల్‌లో కొండల్లేవు.
నది కూడా బురద రంగులో, బల్లపరుపుగా,
ఎటు పోతుందో చెప్పకుండా పోతుంది.
దేవుణ్ణి దుర్గమంటారు మావాళ్ళు, శైలమంటారు.
నాకు ఇక్కడ దొరికిన ఎత్తయిన చోటల్లా
డబుల్ డెక్కర్ బస్సు పైఅంతస్తు ఒక్కటే.
అక్కడ కూర్చునే చదివాను ఆ మంగళవారం ఉత్తరం:
కంపెనీ లైసెన్సు రద్దయిందట,
నాకు అరవై రోజులట.
రెండుసార్లు చదివి, మడిచి,
దిగాల్సిన స్టాపు దాటి మూడు స్టాపులు పోయాను.

ఆ రాత్రి విల్ఫ్రెడ్ గారికి ఎవరు తినిపించారో.
ఒకప్పుడు సముద్రం మీద వలలు లాగిన మనిషి.
చెంచా దగ్గరికి తెస్తే పెదాలు బిగించేవాడు,
"చేప" అని తెలుగులో అంటే మాత్రం
నవ్వి నోరు తెరిచేవాడు.

ఐదు ఆదివారాలు సంఘానికి పోలేదు.
పోతే అడుగుతారు. అడిగితే చెప్పాలి.
సాక్ష్యాల వేళ లేచి నిలబడేవాళ్ళంతా
గట్టెక్కినవాళ్ళే.
వీసా వచ్చింది, కడుపు పండింది, గడ్డ కరిగింది, హల్లెలూయా.
నడినీళ్ళలో ఉన్నవాడు లేచి
"ఇంకా మునుగుతూనే ఉన్నాను, వందనాలు" అని కూర్చోవడం
నేనెప్పుడూ చూళ్ళేదు.

ప్రార్థన కూడా రాలేదు.
మోకాళ్ళూని "తండ్రీ" అనేదాన్ని,
ఆ తర్వాత హోం ఆఫీసు ఫోన్ లాగే
సంగీతం. దయచేసి వేచి ఉండండి.
నా పేరు నిరీక్షణ.
అమ్మమ్మ ఏ ఆశతో పెట్టిందో గానీ
ఈ దేశంలో అది పేరు కాదు,
ఫైలు మీద నా స్థితి.

నలభయ్యో రోజు పోయాను.
అద్దెగదిలో హీటరు మీటరుకి డబ్బులైపోయాయి,
అంతకు మించిన భక్తేమీ లేదు.

తెల్లవాళ్ళ ఆరాధన చల్లారాక, మధ్యాహ్నం మూడింటికి
ఆ హాలు మాది.
డోరీన్ గారు తాళంచెవి అప్పగించి వెళ్తారు.
ప్లైవుడ్ తలుపు, కాలితో తంతేగాని పడదు.
మా దుర్గానికి అదే సింహద్వారం.
కప్పు కారేచోట నీలం బకెట్టు,
ప్రసంగం మధ్యలో టప్పు, టప్పుమంటుంది.
దాన్నే తాళం చేసుకుని డోలక్ అందుకుంటాడు టాక్సీ కృపావరం.
పాస్టరుగారు వారమంతా కారవాన్ల ఫ్యాక్టరీలో.
చేతులెత్తి దీవిస్తే వేళ్ళనిండా జిగురు మరకలు.

ఆఖరి వరుసలో, తలుపు పక్కన,
కోటు విప్పకుండా కూర్చున్నాను.
సుగుణమ్మ ఆంటీ వచ్చారు.
ఇన్నాళ్ళూ ఏమైపోయావే, అనలేదు.
"వంటగదిలో ఉల్లిపాయలున్నాయి, కోసిపెట్టు తల్లీ.
భలే ఘాటు" అని కత్తి చేతిలో పెట్టారు.

కోశాను.
కిలో అయినా ఉంటాయి.
అవతల వాళ్ళు పాడుతున్నారు, ఇవతల నేను
మోచేత్తో, కోటు చేతులతో
తుడుచుకుంటూ, తుడుచుకుంటూ
ఆ మంగళవారం దగ్గర మొదలుపెట్టి
నా ఏడో ఏట పోయిన నాన్న దాకా ఏడ్చాను.
మర్చిపోయిన గొడుగు కోసం వెనక్కొచ్చిన డోరీన్ గారు
ఏమీ అడక్కుండా పక్కన నిలబడి
కడిగిన కప్పులే మళ్ళీ కడిగారు.
హాల్లో పాస్టరుగారు తెలుగులో ప్రార్థిస్తుంటే
ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా
వాక్యం సగంలోనే ఆమెన్ అన్నారావిడ.
మూడోసారికి నేనూ అన్నాను.
నలభై రోజుల్లో నా నోట పూర్తయిన ప్రార్థన
అదొక్కటే.

కోడికూర, సాంబారన్నం, కాగితం పళ్ళేలు.
ఇంటికెళ్ళే బస్సులో చేతులు వాసన చూసుకుంటుంటే
అప్పుడు తట్టింది:
కూర ఇళ్ళ దగ్గరే వండుకొచ్చారు.
ఆ వంటగదిలో పొయ్యే లేదు.
ఆ ఉల్లిపాయలు ఎవరికీ అక్కర్లేదు.

ఉద్యోగమేం దొరకలేదు.
గూల్‌లో బావమరిదిని అడుగుతానన్నాడు కృపావరం, అంతే.
ఇంకా ఇరవై రోజులు.
అందులో ఆదివారాలు రెండు.
తాళం తీసే వంతుల కాగితం
ఫ్రిజ్జుకి అంటించి ఉంది, బయటికొస్తూ చూశాను.
సుగుణమ్మ ఆంటీ వంకర అక్షరాలు,
మూడో ఆదివారం ఎదురుగా
పెన్ను గట్టిగా ఒత్తి రాసిన
నిరీక్షణ.