ఒకటి నుంచి ఐదు దాకా

చియాతురాలో మెట్లు లెక్కపెట్టడం మానేశాను.
మాంగనీసు పొడి పట్టి నల్లబడ్డ అపార్టుమెంట్లు,
ఎప్పుడో ఆగిపోయిన లిఫ్టులు,
చంకలో టాబ్లెట్, మెడలో నా పేరు: మ్జెవినార్, సర్వే.
ప్రతి తలుపు దగ్గరా ఒకటే ప్రశ్న:
వార్తల్ని ఎంత నమ్ముతారు?
ఒకటంటే అస్సలు లేదు. ఐదంటే పూర్తిగా.

రొట్టెలు కాల్చే ఓతియా
పిండి చేత్తో తెర ముట్టబోయి ఆగాడు.
"పొద్దుటి వార్తా, సాయంత్రానిదా?"
రెండు వేళ్లు చూపించాడు. రెండు నొక్కాను.
మెట్లు దిగాక అనుమానం:
అది రొట్టె ధరేమో.

నాలుగో అంతస్తు ఝూఝునా
ఫోను మీద అల్లిక గుడ్డ కప్పింది.
"వింటుంది," అంది గుసగుసగా.
నేను చెప్పులో కాలు పెట్టేలోపే
గుడ్డ తీసి, మనవరాలి ఫోటోకి ముద్దు పెట్టుకుంది.
ఆవిడ అంకె మూడు.
నాకైతే ఆ ముద్దుకి వేరే గడి ఉంటే బావుండేది.

తొమ్మిదో అంతస్తులో బిచికో.
ముప్పై ఏళ్లు లోయ మీద తీగబండి నడిపినవాడు.
పోయిన మార్చిలో
అతను చచ్చిపోయాడని ఎవరో పెట్టారు,
ఫోటోతో సహా, కొవ్వొత్తి బొమ్మతో సహా.
నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా,
ఇప్పుడు పొగని పొగే కంటోంది.

రెండు రోజులు ఖండించలేదట.
మంచం మీద పడుకుని తన చావు చదువుకున్నాడు.
"గాలివానలో కూడా మమ్మల్ని ఊపలేదు," అని ఒకావిడ.
"నా పెళ్లికూతుర్ని ఉచితంగా దాటించాడు," అని ఇంకొకడు.
ఆ కిందే, వాల్‌నట్ చెట్టు గొడవతో
పద్నాలుగేళ్లు మాట్లాడని అన్న సెవెరియాన్:
"బ్రేకు మీద ఉన్న నెమ్మది వాడి నోటికి ఉండేది కాదు.
అయినా తీసుకుపోకు దేవుడా."

మూడో రోజు వెళ్లి తలుపు కొట్టాడు.
అన్న ముందు ఫోను చూశాడు,
తర్వాత మనిషిని.
ఏమీ అడగలేదు. కుర్చీ జరిపాడు.

"ఇప్పుడు చెప్పమ్మా, నేనెంత వేయాలి?"
గడి ఖాళీగా వదిలితే టాబ్లెట్ ముందుకు కదలదు.
చాలాసేపు ఆలోచించి, "ఒకటి," అన్నాడు.
నేను నొక్కాక, "ఆ పెట్టినవాడు ఎవరో తెలిస్తే చెప్పు,
కొట్టను. ఒక సీసా దాచి ఉంచాను."

సాయంత్రం తీగబండిలో దిగుతున్నాను.
కింద నది, మసక వెలుతురు, ఎవరో పిల్లాడి దగ్గు.
ఫోను వణికింది. అమ్మ పంపింది,
ఎవరో తనకి పంపినది:
"సర్వే అంటూ దొంగలు తిరుగుతున్నారు. తలుపు తీయకండి."
మసకబారిన ఫోటోలో ఒక ఆడమనిషి,
చంకలో పలక లాంటిదేదో, నారింజ రంగు కోటు.
కింద అమ్మ మాట:
"నువ్వున్న ఊళ్లోనేనట, జాగ్రత్త తల్లీ."

ఆ కోటు
అమ్మే కొనిపెట్టింది.